పైనుండి దిగు నీరు

చదువవలసిన భాగములు: ఆది. 6:13–22, నిర్గ. 2:1–4, యెహె. 27:3–9, అపొ. 27:13–44.



ఈ మాసపు పాఠమును మేము బల్లయొద్ద కూర్చుండి సిద్ధపరచినది కాదు. ఒడ్డుకెక్కించిన పడవ ప్రక్కను నిలువబడి, వడ్రంగికి ఉలి అందించుచు, బోల్టులు విప్పుచు నేర్చుకొన్నది. పడవ యెరుగని మెట్ట గ్రామముల సంఘములవారు దీనితో మాకేమి పని యనుకొనవచ్చును. అయితే మీ యింటి పెంకులు వానకు కారిన దినమున ఇందులోని సగము మీకును అక్కరకు వచ్చును.

కృష్ణానది సముద్రములో కలియకమునుపు పాయలుగా చీలు దివిసీమ వైపున, మా సంఘములోని 18 కుటుంబములు ఒక లంకలో కాపురమున్నవి. ఆదివారపు ఆరాధనకు గాని, ఆస్పత్రికి గాని, సంతకు గాని వారు పాయ దాటియే రావలెను. దానికొరకు సంఘమునకు ఒక పడవ యున్నది. 28 అడుగుల కర్ర పడవ. ముందు భాగమున పైబల్లలు పరచియున్నవి. నడుమ, వృద్ధులును చంటిపిల్లల తల్లులును వానకు తడియకుండ కూర్చుండుటకు నాలుగు కిటికీల చిన్న గది కలదు. ఇంజను బిగించి చాల యేండ్లయినను తెరచాప కొయ్యను మేము తీయలేదు. గాలి కలిసివచ్చిన దినమున చాప యెత్తినయెడల డీజిలు మిగులును.

2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు వచ్చిన వరదను మీరు మరచియుండరు. ప్రకాశం బ్యారేజీయొద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగెను. బుడమేరుకు గండ్లుపడి విజయవాడ వీధులలోనే పడవలు తిరిగెను. పైనుండి కొట్టుకొనివచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు తగిలెను. ఆ దినములలో మేము మా పడవను గట్టుమీది రావిచెట్టుకు మోకులతో కట్టి కాపాడుకొంటిమి. రెండు రాత్రులు ప్రవాహము దానిని లాగుచునే యుండెను. పడవ దక్కినందుకు సంతోషించితిమే గాని, ఆ లాగుడంతయు ముందరి పైబల్లలకు బిగించిన గుంజమీదను, దాని నాలుగు బోల్టులమీదను పడినదని ఎవరమును తలంచలేదు.

మరుసటి యేటి వానలలో గదిలో నీరు కారసాగెను. కుడివైపు రెండవ కిటికీ క్రింద చుక్క చుక్కగా పడుచుండెను. ఏటినీరైతే భయపడియుందుము. ఇది వాన నీరే గదా యని తేలికగా తీసికొంటిమి. కిటికీ క్రింద తడిగానున్న చోట లోపలనుండి తారు పూసితిమి. పది దినములకు మరల కారెను. మరల పూసితిమి. మూడవసారి తారుమీద రంగు కూడ వేయించి, క్రిస్మసు పండుగకు పడవ క్రొత్తదివలె నున్నదని చెప్పుకొంటిమి. ఆ రంగు ఖర్చును లెక్కపుస్తకములో మరమ్మతు పద్దు క్రింద వ్రాసినవారము మేమే.

ఆ తరువాత ఒక దినమున లంకలో బాప్తిస్మము లిచ్చి వచ్చుచుండగా జల్లు పట్టెను. బాప్తిస్మపు పుస్తకమును గుడ్డసంచిలో పెట్టి ఆ కిటికీ క్రింది బల్లమీద ఉంచితిమి. ఒడ్డు చేరి తీసి చూడగా 14 పుటలలో సిరా కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయెను. ఇంటిలో మరి యే కాగితమును లేని పెద్దలకు తాము పుట్టిన సంవత్సరము తెలియునది ఆ పుస్తకమువలననే. ఒక వృద్ధురాలు వచ్చి, “నా పేరు కనబడుతుందా బాబూ?” అని యడుగగా, ఏమి చెప్పుటకును మాకు నోరు రాలేదు.

అప్పుడు వడ్రంగిని పిలిపించితిమి. ఇతడు తాళ్లరేవు వైపు పడవలు కట్టు కుటుంబములోనివాడు. చిన్నతనముననే దివిసీమకు వచ్చి స్థిరపడెను. డెబ్బది యేండ్లు దాటినవి. గదిలోనికి వంగి మా తారును, రంగును చూచి, గోటితో కొంచెము గీకి, నవ్వలేదు గాని ఇట్లనెను: “అయ్యగారూ, నీళ్లు కనబడ్డచోట చిల్లు ఉండదండి. అది నీళ్లు దిగేచోటు. ఎక్కేచోటు వేరే ఉంటది. చూరు కింద గిన్నె పెడితే పైన పెంకు అతుక్కుంటదా?”

ఈ మాటను మేము చాల ఆలోచించితిమి. నీరు ఒక సన్నని సందున ప్రవేశించి, బల్ల అడుగున అంటుకొనియే దూలము వెంబడి ప్రాకి, ఎక్కడ మేకు తల గాని చట్రపు అంచు గాని అడ్డము వచ్చునో అక్కడ జారిపడును. ప్రవేశించిన చోటునకు పడిన చోటునకు ఆరడుగుల దూరముండవచ్చును. లోపలనుండి పూసిన తారు ఆ నీటిని ఆపజాలదు. దానిని కర్రలోనే నిలిపియుంచును. అనగా మేము మూడుసార్లు చేసిన మరమ్మతు వలన, కారి యెండిపోవలసిన నీరు కారక, ఎండక, దూలములోనే నిలిచెను.

మరియొక సంగతి అతడు చెప్పినది మాకు మునుపు తెలియదు. కర్ర పడవకు క్రిందినుండి వచ్చు నీటికంటె పైనుండి దిగు నీరే యెక్కువ చేటు. క్రింది నీరు అందరి కంటబడును. పాదములు తడియగానే డబ్బాతో తోడిపోయుదురు. పైగా సముద్రపు పోటు వచ్చు పాయలలో ఆ నీరు ఉప్పుగా నుండును. ఉప్పు నీటిలో కర్ర అంత త్వరగా కుళ్లదు. వాన నీరు మంచినీరు. గాలి ఆడని సందులో అది నిలిచినయెడల బూజు పట్టి కర్రను తినివేయును. పూర్వము పాశ్చాత్య దేశములలో ఓడలు కట్టువారు ప్రక్క దూలముల సందులలో ఉప్పు నింపెడివారట. అది ఇందుకొరకే.

ఇక వాక్యభాగములను చూతము. నోవహుకు దేవుడిచ్చిన ఆజ్ఞలో ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని చదివి, మనము ఆ లెక్కలయొద్దనే ఆగిపోవుదుము. 14వ వచనములో ఓడకు లోపలను వెలుపలను కూడ కీలు పూయవలెనని యున్నది. వెలుపల పూయుట దేనికో చిన్నపిల్లవాడును చెప్పును. లోపల ఎందుకు? మా వడ్రంగి నడిగితిమి. “లోపల మనుషులుంటారు, పశువులుంటాయి. కడిగిన నీళ్లు, మూత్రం, ఆవిరి, అన్నీ కర్రకే గదండీ పట్టేది” అనెను. వ్యాఖ్యాన గ్రంథములలో ఈ మాట మాకు కనబడలేదు గాని, పడవ కట్టినవాని మాట గనుక ఇక్కడ వ్రాయుచున్నాము. అయితే మా వలె లోపల మాత్రమే పూయుట ఆ వచనములో లేదని గమనించుడి.

16వ వచనములో మరియొక చిక్కున్నది. అక్కడ మన తెలుగు బైబిలులో కిటికీ అని యున్న హెబ్రీ పదము ఆ అర్థమున మరెక్కడను రాదు. అది వెలుతురు వచ్చు సందు అని కొందరు, పైకప్పు అని కొందరు పండితులు చెప్పుదురు. 8వ అధ్యాయములో నోవహు తెరచిన కిటికీకి వాడినది వేరొక పదము. ఏదియైనను, ఓడ పైభాగమున మూరెడు లెక్కను గూర్చి చెప్పబడినది. నలువది దినములు పైనుండి వాన కురియు ఓడకు, పైన వెలుతురు సందు పెట్టి నీరు రాకుండ చేయుట ఎంతటి పనియో కిటికీ మరమ్మతు చేసినవారికే తెలియును.

నిర్గమకాండములో మోషే తల్లి చేసిన జమ్ముపెట్టెకు జిగటమన్నును కీలును పూసెను. మన కాలువ గట్లమీద పెరుగు జమ్మును చూచినవారికి ఆ పెట్టె ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఆదికాండములో కీలునకును ఇక్కడి కీలునకును హెబ్రీలో పదములు వేరు, పని ఒక్కటియే. ఇక యెహెజ్కేలు 27వ అధ్యాయము తూరు పట్టణమును ఒక ఓడగా వర్ణించునది. బల్లలు ఒకచోటివి, తెరచాప కొయ్య లెబానోనుది, తెడ్లు బాషానువి, చాప ఐగుప్తుది. 9వ వచనములో ఓడ సందులు పూడ్చి బాగుచేయు పని గెబలు పట్టణపు పెద్దలకును ప్రజ్ఞ గలవారికిని అప్పగింపబడెను. కూలికి వచ్చిన క్రొత్తవారికి కాదు. గెబలు అనునది నేటి లెబానోను తీరమున నున్న జుబైలు పట్టణమే.

మన దేశమునను ఈ పని తక్కువది కాదు. విజయవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు పొలములకే గాక పడవలకును దారులైనవి. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిపెను. అవతలి గట్టున కొమ్మమూరు కాలువ బకింగుహాము కాలువతో కలిసి మద్రాసువరకు దారి చూపెను. బియ్యము, కలప, ఉప్పు పడవలమీదనే పోయెడివి. మిషనరీలును, కాలువల ఇంజనీర్లును గది కట్టిన పడవలలోనే గ్రామములకు తిరిగెడివారు. (ఆ ఆనకట్టకే 1952లో గండిపడగా, దానికి బదులుగా ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తియయ్యెను.) వేసవిలో కాలువలు కట్టివేయు దినములలో పడవలను గట్టుకెక్కించి సందులు పూడ్చెడివారు. నూనెలో తడిపిన ప్రత్తి పేటను మొద్దు ఉలితో సందులోనికి కొట్టి, పైన గుగ్గిలపు పొడిని నూనెతో కాచి వేడిగా పూయుట పద్ధతి. ప్రత్తిని మరీ బిగించి కొట్టరాదు. పడవ నీటిలో దిగిన తరువాత బల్లలు నీరు పీల్చి ఉబ్బును. ఉబ్బుటకు చోటు లేనియెడల మేకులే ఊడివచ్చును. మసూలా పడవ అని పేరుపడిన తీరపు పడవకైతే మేకులే లేవు. బల్లలను కొబ్బరి త్రాటితో కుట్టెడివారు, అలకు వంగునే గాని విరిగెడిది కాదు. ఇప్పుడు తీరమున చాలవరకు ఫైబరు పడవలు వచ్చినవి. వాటి బల్లలకు సందులు లేవు. కాని కిటికీలకు, గుంజలకు, బోల్టులకు మాత్రము రంధ్రములు తప్పవు. కావున ఈ క్రింద చెప్పునది వారికిని పనికివచ్చును.

మొదట నీరు ప్రవేశించు చోటును కనుగొనవలెను. ఎండ దినమున గది లోపల పూర్తిగా తుడిచి ఆరబెట్టి, దూలముల అడుగునను కిటికీ చట్రముల చుట్టును సున్నపు సుద్దపొడి అద్దితిమి. ఒకరు లోపల దీపము పట్టుకొని కూర్చుండవలెను. ఒకరు వెలుపల చెంబుతో నీరు పోయవలెను. అన్నిటికంటె దిగువనున్న అతుకునుండి మొదలుపెట్టి, ఒక్కొక్క అతుకునకు నాలుగైదు నిమిషములు పోసి ఆగుచు పైకి రావలెను. పైనుండి ఒకేసారి కుమ్మరించినయెడల ఏ సందున దిగినదో తెలియదు. కుడి రెండవ కిటికీకి ఎంత పోసినను సుద్ద తెల్లగానే యుండెను. మొదటి కిటికీకి పోసినను అంతే. తుదకు ముందరి పైబల్లలమీది గుంజ మొదట నీరు పోయగా, లోపలివాడు “వచ్చింది, వచ్చింది!” అని కేకవేసెను. సుద్దలో నల్లని గీత గుంజ బోల్టునొద్ద బయలుదేరి, దూలము వెంబడి వచ్చి, రెండవ కిటికీ చట్రముమీద ఆగెను. కొలిచి చూచితిమి: ఏడడుగుల జానెడు.

గుంజను ఊడదీసిన ఘడియను మేము మరువలేము. మూడు బోల్టులు మరతో వచ్చెను. నాలుగవది చేతితో లాగగానే వచ్చెను. వడ్రంగి ఆ రంధ్రములో వ్రేలు పెట్టగా కర్ర తడిసిన బెల్లమువలె ఊడివచ్చెను. బల్ల క్రింద దూలము జానెడు మేర మెత్తబడియుండెను. ఆ దూలమే తెరచాప కొయ్య అడుగును పట్టియుంచునది. గాలి బలముగా నున్న దినమున చాప యెత్తియుండినయెడల కొయ్య ఏమై యుండునో, గదిలో కూర్చున్నవారిమీద ఎటు కూలియుండునో ఆలోచించి మాలో ఒకరు ఒడ్డున కూర్చుండిపోయిరి. ఆ క్రిస్మసుకు చాప యెత్తియే గదా పిల్లలను తెచ్చితిమి.

కుళ్లిన భాగమును మంచి కర్ర వచ్చువరకు చెక్కివేసితిమి. వడ్రంగి దీనియందు జాలిపడలేదు; మేము చాలునన్న తరువాత కూడ నాలుగు అంగుళములు కోసెను. వారము దినములు నీడను ఆరబెట్టి, టేకు దిమ్మను చెక్కి ఎపాక్సీ జిగురుతో కూర్చెను. బోల్టు రంధ్రములను ముందు పెద్దవిగా తొలిచి, వాటిని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన పిమ్మట దాని నడుమ సరియైన కొలతకు మరల తొలిచెను. అందువలన ఎప్పుడైన బోల్టు చుట్టు నీరు దిగినను అది జిగురునే తాకును గాని కర్రను తాకదు. ఇది పాత పద్ధతి కాదు. అతడు ఫైబరు పడవలవారియొద్ద నేర్చుకొన్నది. ఈ వయస్సున నేర్చుకొనుటకు అతడు సిగ్గుపడలేదు.

రంధ్రపు పై అంచును కొంచెము గిన్నెవలె వాలుగా చెక్కవలెను. అప్పుడు సందు పూడ్చు ముద్ద బోల్టు మెడచుట్టు ఉంగరమువలె నిలుచును. పాత తారు, దుమ్ము, నూనె జిడ్డు, తడి ఏమాత్రమున్నను క్రొత్త ముద్ద అంటదు. చేయు పనిలో ముక్కాలు భాగము గీకుటయు తుడుచుటయునే. ముద్దను గుంజ అడుగునను బోల్టు తల క్రిందను ధారాళముగా పెట్టి, అంచులలో కొంచెము ఉబికి వచ్చువరకే బిగించి ఆపవలెను. ఒక దినము గడచి ముద్ద రబ్బరువలె అయిన తరువాత మిగిలిన బిగింపు చేయవలెను. మొదటనే శక్తికొలది బిగించినయెడల ముద్దయంతయు బయటికి పోయి లోపల ఏమియు మిగులదు. రెండవ బిగింపులో పైనున్న బోల్టు తలను కదల్చరాదు, క్రింది నట్టును మాత్రమే త్రిప్పవలెను. తల తిరిగినయెడల అంటుకొన్న ఉంగరము తెగిపోవును. మాలో ఒక యువకుడు ఉత్సాహముతో తలను త్రిప్పగా ఆ ఒక్క బోల్టును మరల విప్పి మొదటినుండి చేయవలసివచ్చెను.

బల్లలు ఎండకు ముడుచుకొనును, వానకు ఉబ్బును. ఇనుప బోల్టు ఆ ప్రకారము చేయదు. కావుననే ఈ అతుకు ఎంత బాగుగా చేసినను శాశ్వతము కాదు. కొన్ని యేండ్లకు విప్పి చేయవలసినదే.

కిటికీల సంగతి వేరు. మా కిటికీలకు అద్దము బదులు ప్లాస్టికు పలకలున్నవి. పడవ పనికి వాడు పాలీసల్ఫైడు ముద్ద కర్రకు మంచిదే గాని అట్టి ప్లాస్టికును చెరుపును. సన్నని పగుళ్లు పట్టును. ప్లాస్టికునకు బ్యుటైలు రబ్బరు పట్టీ గాని సిలికోను గాని వాడవలెను. సిలికోను అంటిన కర్రమీద మరి యే రంగును అంటదు గనుక చేయి తుడుచుకొనుటలో కూడ జాగ్రత్త యుండవలెను. పలకకును చట్రమునకును నడుమ రబ్బరు కొంత మందముగా మిగులవలెను. ఎండకు పలక పెరుగును. మందము లేనిచో సందు విడిపోవును. చట్రము అడుగున నీరు బయటికి పోవుటకు రెండు చిన్న రంధ్రములుండును. మేము రంగు వేయించినప్పుడు అవి అక్కరలేని చిల్లులని తలంచి శ్రద్ధగా మూసివేసితిమి! వడ్రంగి వాటిని మేకుతో పొడిచి తెరచి, కిటికీ పైన చూరువలె ఒక సన్నని కర్ర పట్టీ కొట్టెను.

1986 జనవరిలో, వానలు లేక గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు, గెన్నేసరెతు తీరమున ఇద్దరు సహోదరులు బురదలో ఒక పాత పడవను కనుగొనిరి. అది సుమారు రెండు వేల సంవత్సరముల నాటిదని తేలెను. పొడవు 8 మీటర్లకు కొంచెము మించును, మా పడవ అంతయే. 12 దినములలో బురదనుండి వెలికితీసిరి. ఎవరి పడవయో ఎవరికిని తెలియదు. అయితే దానిలో 12 రకముల కర్ర యుండెను. ఏ ముక్క దొరికిన ఆ ముక్కతో, మరల మరల అతికిన పడవ అది. ఏదో ఒక ఊరి వడ్రంగి ఆ తీరమున కూర్చుండి కుళ్లినది చెక్కి, మంచిది కూర్చుచుండగా మనకు కనబడునట్లున్నది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడవారు తుపానులో ఓడచుట్టు త్రాళ్లు బిగించి కట్టిరి. అది నడిసముద్రమున చేయు మరమ్మతు. తీరముననున్నప్పుడు చేయునది వేరు.

పడవను మరల నీటిలోనికి దింపిన దినమున క్రింది సందులలో రెండు డబ్బాల నీరు వచ్చెను. బల్లలు ఉబ్బినంతట, రెండవ దినమునకు అదియును ఆగిపోయెను. సుద్దపొడి మరల అద్ది, గుంజమొదట పది బిందెల నీరు పోసితిమి. గీత రాలేదు. కరిగిపోయిన 14 పుటలను, ఇంటింటికి పోయి పెద్దల నడిగి, తిరిగి వ్రాయుచున్నాము. ఇప్పటికి తొమ్మిది పుటలు పూర్తియైనవి. ఎడమవైపు మూడవ కిటికీ చట్రము కూడ మెత్తగానున్నదని వడ్రంగి చెప్పెను. సంఘపు పెట్టెలో సొమ్ము చాలక దానిని ఇంకను విప్పలేదు. వేసవివరకు దానిమీద తాటాకు తడక కట్టి, ఆ మూలను ఎవరిని కూర్చుండనిచ్చుట లేదు.